వాల్తేరు మెట్ట మీద నెల్లూరు పిల్లలు
(నెల్లూరు తీరం చదువుల చరిత్ర – 11వ భాగం)

గత వారం నెల్లూరులో వెంకటగిరి రాజా కాలేజీ కథ చెప్పుకుంటూ ఒక ప్రశ్న దగ్గర ఆగాం. నెల్లూరులో దొరికే చదువు అయిపోయాక, ఇంకా చదవాలనుకున్న పిల్లవాడు ఎటు పోవాలి?

మన జిల్లాలోని కొడవలూరు స్టేషన్‌లో నిలబడితే ఆ ప్రశ్నకు రెండు జవాబులు పట్టాల మీదే కనిపిస్తాయి. దక్షిణానికి బండెక్కితే మద్రాసు 200 కిలోమీటర్లు కూడా లేదు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. ఉత్తరానికి ఎక్కితే కృష్ణ దాటాలి, గోదావరి దాటాలి, ఆ పైన అన్నవరం, తుని గడిచి విశాఖపట్నంలోని వాల్తేరు చేరాలి. అది 600 కిలోమీటర్లకు కాస్త తక్కువ. దూరం లెక్కన చూస్తే మద్రాసే మనది. మాగాణి పంట అమ్మకాలకు, ఆస్పత్రికి, పెళ్లి చీరలకు, కోర్టు వ్యాజ్యాలకు మద్రాసు పోయిన జిల్లా మనది. అలాంటి జిల్లాను 1926లో మద్రాసు విశ్వవిద్యాలయం కింద నుంచి తీసి, కొత్తగా పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందికి చేర్చారు. కారణం ఒక్కటే. మనం తెలుగువాళ్లం.

ఇది చిన్న విషయం కాదని నా నమ్మకం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని, దానికోసం మన జిల్లా మూలాలున్న పొట్టి శ్రీరాములు ప్రాణం ఇచ్చారని బడిపిల్లలందరికీ తెలుసు. కాని ఆ రాష్ట్రానికి 27 ఏళ్ల ముందే 'ఆంధ్ర' అన్న పేరుతో చట్టసభ ఆమోదం పొంది, సరిహద్దులు గీసుకుని, నెల్లూరును ఆ గీతల లోపలికి తీసుకున్న మొదటి సంస్థ ఈ విశ్వవిద్యాలయమే. రాజకీయంగా ఒక్కటి కాకముందు తెలుగు జిల్లాలు పరీక్ష హాళ్లలో ఒక్కటయ్యాయి.

అలాగని అందరూ సంతోషంగా చేతులు కలిపారనుకోకూడదు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిననాటి నుంచే నెల్లూరు, రాయలసీమ ప్రతినిధులకు ఒక జంకు ఉండేది. అప్పటికే గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లు నీళ్లలోనూ, చదువులోనూ, ఉద్యోగాల్లోనూ ముందున్నారు. మద్రాసు పెత్తనం పోయి సర్కారు జిల్లాల పెత్తనం వస్తే మనకు ఒరిగేదేమిటన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. తరువాతి కథంతా దాని చుట్టూనే తిరిగింది.

మద్రాసు ప్రభుత్వంలో విద్యామంత్రిగా ఉన్న బరంపురం వాసి అన్నెపు పరశురామదాసు పాత్రో 1925లో బిల్లు పెట్టి గట్టెక్కించారు. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో విశ్వవిద్యాలయం మొదలైంది. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, అక్కడి విద్యార్థి యూనియన్‌కు ఉపాధ్యక్షుడై వచ్చినవాడు. బరోడాలోనూ, మైసూరులోనూ పాఠాలు చెప్పినవాడు. 'ముసలమ్మ మరణము' కావ్యం, 'కవిత్వతత్త్వ విచారము' విమర్శ ఆయనవే. అంత పేరున్న మనిషి చేతికి వచ్చింది ఏమిటి? పేరుంది, చట్టం ఉంది, అనుబంధ కాలేజీల జాబితా ఉంది. సొంత గోడ ఒక్కటి కూడా లేదు.

అప్పుడు మొదలైంది పీఠం ఎక్కడన్న తగాదా. బెజవాడ నడిమధ్యన ఉందని కొందరు, రాజమహేంద్రవరానికి సాహిత్య గౌరవం ఉందని కొందరు, సముద్రపు గాలి, కావలసినంత నేల విశాఖలోనే దొరుకుతాయని కొందరు వాదించారు. అనంతపురం పేరు కూడా గట్టిగా వినిపించింది. చివరికి విశాఖే నెగ్గింది. 1930లో కార్యాలయం వాల్తేరుకు మారింది. ఈలోగానే రాయలసీమ జిల్లాలు విడిపోయి మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం గొడుగు కిందికి వెళ్లిపోయాయి. అంటే కట్టమంచివారు నిర్మిస్తున్న విశ్వవిద్యాలయంలో ఆయన పుట్టిన చిత్తూరుకే చోటు లేకపోయింది. ఆ బాధ ఆయనకు ఉండే ఉంటుంది. నెల్లూరు మాత్రం ఉండిపోయింది, ఆ విశ్వవిద్యాలయానికి దక్షిణపు చివరి జిల్లాగా. పీఠమేమో దాదాపు ఉత్తరపు చివర. రెండు కొసల మధ్య ఒక రాత్రి, ఒక పగటి ప్రయాణం.

విశాఖను ఎంచుకోవడం తప్పని నేననను. అలాంటి నేల, అలాంటి సముద్రం మరెక్కడా లేవు. కాని దక్షిణాన రెండో కేంద్రం పెట్టకుండా ఒక్క కొసనే పట్టుకోవడం తప్పు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కూర్చున్న పెద్దలు ఆ తప్పును గుర్తించారు. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. ఆ ఒడంబడికలోనే తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో కనీసం పదేళ్లపాటు రాయలసీమకూ నెల్లూరుకూ మొదటి హక్కు ఇవ్వాలని కూడా ఉంది. చదువూ నీళ్లూ ఒకే కాగితం మీద ఎందుకు పక్కపక్కన చేరాయో కొడవలూరు రైతుకు ఎవరూ వివరించనక్కర్లేదు. కాలువ కింద వరి పండితేనే హాస్టలు ఫీజు కట్టగలిగిన ఇళ్లు ఇక్కడివి.

వాల్తేరుకు మారిన ఏడాదే కట్టమంచివారు పదవి వదిలేశారు. ఉప్పు సత్యాగ్రహం మీద తెల్లదొరల ప్రభుత్వం చేస్తున్న దౌర్జన్యానికి నిరసనగా చేసిన రాజీనామా అది. కొత్త విశ్వవిద్యాలయానికి పునాదులు తవ్వుతున్న వేళ దాని సారథి కుర్చీ వదిలి లేచిపోవడానికి ఎంత గుండె కావాలి! పెన్న ఒడ్డున పల్లిపాడు సత్యాగ్రహాశ్రమం ఉన్న మన జిల్లాలో ఆ రాజీనామా విలువ బాగా తెలిసినవాళ్లు చాలామంది.

1931లో ఆ కుర్చీలోకి వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. పుట్టింది తిరుత్తణిలోనే అయినా ఇంటిపేరు మాత్రం మన వెంకటాచలం దగ్గరి సర్వేపల్లిది. ఆ ఊరి పేరు మోసుకుని ఆయన వాల్తేరు మెట్ట ఎక్కారు. అయిదేళ్లే ఉన్నారు కాని ఆ అయిదేళ్లలో ఆయన చేసిన పని ఒక్కటి చాలు: మనుషుల్ని ఏరుకొచ్చారు. తత్త్వశాస్త్రం చెప్పడానికి హుమాయూన్ కబీర్, చరిత్ర, రాజనీతి చెప్పడానికి హీరేన్ ముఖర్జీ. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న బెంగాలీ కుర్రవాళ్లే. తరువాత ఒకరు కేంద్రమంత్రి అయ్యారు, మరొకరు పార్లమెంటులో గొప్ప వక్తగా పేరు తెచ్చుకున్నారు. సి.వి. రామన్ శిష్యుడు సూరి భగవంతం భౌతికశాస్త్రానికి వచ్చారు. తెలుగు ఆనర్సు పెట్టి దానికి పింగళి లక్ష్మీకాంతాన్ని పిలిచారు. అంతవరకు తెలుగులో పాండిత్యం అంటే గురువు దగ్గర ఒక్కో ప్రబంధం చదువుకోవడమే. దాన్ని ఒక విశ్వవిద్యాలయ శాస్త్రంగా, భాషాచరిత్రతో, విమర్శతో కలిపి చదవడం వాల్తేరులో పట్టాలెక్కింది.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. జయపూర్ మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానని మాటిచ్చి నిలబెట్టుకున్నారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో ఇప్పటి లెక్కలో చెప్పడం కష్టం. సైన్సు, సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఒరియా ప్రాంతపు రాజు ఇచ్చిన డబ్బుతో తెలుగు పిల్లలు రసాయనశాస్త్రం చదువుకున్నారు.

1933 డిసెంబరులో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ మెట్ట మీదికి వచ్చి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరిట పెట్టిన ఉపన్యాసాలు ఇచ్చారు. 'మనిషి' అన్న శీర్షికతో అవి తరువాత పుస్తకంగా వచ్చాయి. మన బుచ్చిరెడ్డిపాలెం బెజవాడ గోపాలరెడ్డి ఆ మహాకవి దగ్గర చదువుకోవడానికి శాంతినికేతన్ దాకా వెళ్లవలసి వచ్చింది. వాల్తేరు పిల్లల దగ్గరికి ఆయనే నడిచి వచ్చారు.

ఇక రసాయనశాస్త్రం ప్రయోగశాలలోకి ఒక్క క్షణం తొంగిచూద్దాం. 1934లో అక్కడ చేరిన టి.ఆర్. శేషాద్రి మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పని నేర్చుకుని వచ్చినవారు. వాల్తేరులో పరికరాలు తక్కువ, మందులు తక్కువ. ఆయన కంటికి ఆనింది పత్తి పూవు. రేకులు కోసి ఎండబెట్టి, సారం తీసి, ఆ పసుపు రంగు ఏ పదార్థం నుంచి వస్తుందో తేల్చడానికి శిష్యుల్ని కూర్చోబెట్టారు. ఒక్కో జాతి పత్తి పూవులో ఒక్కో రంగు పదార్థం. చేలో రైతు తెంపి పారేసే పూలే విలువైన ముడిసరుకు. ఆ శిష్యులు రాసిన పరిశోధన పత్రాలు దేశదేశాల్లో చదివారు. ఖరీదైన యంత్రాలు లేని చోట ఏం చేయవచ్చో శేషాద్రి చూపించిన దారి ఇప్పటికీ మన పల్లె కాలేజీలకు పనికొచ్చేదే.

గణితశాఖలో 1940లో ఎం.ఏ. పట్టా అందుకున్న కుర్రాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. చిన్నప్పుడు వాళ్లమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమని కూర్చోబెట్టేదట. ఆ సంగతి ఆయనే తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు. విశ్వవిద్యాలయంలో పరిశోధక వేతనానికి దరఖాస్తు పెడితే గడువు దాటి అందిందన్న కారణంతో తిరిగొచ్చింది. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా బండెక్కారు. అక్కడ ఆ ఉద్యోగం రాలేదు గాని మహలనోబిస్ నడుపుతున్న గణాంకశాస్త్ర సంస్థ కంటపడింది. 1945లో ఆయన పత్రంతో పుట్టిన సూత్రం క్రామెర్–రావు పేరుతో లోకమంతా వాడుతోంది. 2023లో నూటమూడో ఏట అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం అందుకుని, ఆ ఏడే వెళ్లిపోయారు. గడువు దాటిన ఒక్క కాగితం ఆయన్ని ఇంకా ఉత్తరానికి పంపించింది.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. క్యాంపస్ సైన్యం చేతికి పోయింది. 1936లో మళ్లీ వైస్ చాన్సలర్‌గా తిరిగివచ్చిన కట్టమంచివారు విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. గాజు బుడ్లు, తక్కెళ్లు, పుస్తకాలు అన్నీ పెట్టెల్లో సర్దుకుని రైలెక్కాయి. ఆ కొన్నేళ్లే మన జిల్లా పిల్లలకు విశ్వవిద్యాలయం దగ్గరైన కాలం. నెల్లూరు నుంచి గుంటూరు వాల్తేరు దూరంలో సగం కూడా లేదు. యుద్ధం అయిపోయాక మళ్లీ వాల్తేరు దారే పట్టారు.

ఆ దారి ఎలా ఉండేదో చెప్పాలి. బెజవాడ దాకా పెద్ద తేడా తెలియదు. వరిచేలు, తాటిచెట్లు, అదే ఎండ. గోదావరి దాటాక నేల రంగు మారుతుంది. తుని దగ్గర కొండలు రైలు పక్కకు వచ్చేస్తాయి. వాల్తేరు స్టేషన్‌లోకి బండి వెళ్లాక ఇంజను అవతలి కొసకు మారుతుంది. బండి వచ్చిన దారినే కొంచెం వెనక్కి నడిచి హౌరా వైపు తిరుగుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు నిద్రలేచి బండి వెనక్కి పోతోందని కంగారుపడేది అక్కడే.

హాస్టల్లో శ్రీకాకుళం పిల్లవాడూ, ఏలూరు పిల్లవాడూ, కావలి పిల్లవాడూ ఒకే గదిలో సర్దుకోవాలి. యాసలు మూడు, తిండి మూడు రకాలు. మనవాడికి పులుసు పుల్లగా, కారంగా లేకపోతే ముద్ద దిగదు. అవతలివాడికి ఆవ పెట్టనిది కూరే కాదు. మొదటి నెలంతా ఎగతాళి, రెండో నెలకు అలవాటు, ఏడాది తిరిగేసరికి ఒకరి మాట ఒకరి నోట్లో. "ఏందబ్బా, రాత్రంతా దీపమేనా?" అంటే "పరీచ్చ నీకేటి, నాకు కదా బావూ" అని జవాబు. సెలవులకు వచ్చిన కొడుకు నోట ఆ ఉత్తరాది మాట విని ఇళ్లల్లో నవ్వుకునేవాళ్లు. నా దృష్టిలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మన జిల్లాకు చేసిన మేలుల్లో డిగ్రీ కంటే ఇదే పెద్దది. మద్రాసు పోయిన పిల్లవాడు మద్రాసును నేర్చుకుని వచ్చాడు. వాల్తేరు పోయినవాడు ఇచ్ఛాపురం దాకా తెలుగు నేల ఎంత పొడవుందో, ఎన్ని రకాలుగా బతుకుతుందో చూసి వచ్చాడు.

1949 నుంచి 1961 దాకా వైస్ చాన్సలర్‌గా ఉన్న వాసిరెడ్డి శ్రీకృష్ణ కాలంలో క్యాంపస్ నిండుగా పెరిగింది. గ్రంథాలయానికి ఇప్పుడు ఉన్న పేరు ఆయనదే. దాన్ని మొదటినుంచీ పెంచినవారు కవి, నాటకకర్త అబ్బూరి రామకృష్ణారావు. రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి నాటకమంటే ప్రాణం పెట్టే మనిషి. ఆరుబయలు రంగస్థలం మీద కాలేజీల మధ్య నాటకపోటీలు నడిచాయి. వెన్నెల రాత్రి మెట్ల మీద కూర్చుని నాటకం చూసిన తరాలు ఎన్నో.

మన తీరం వాళ్లకు ఇంకో శాఖ గురించి తప్పక చెప్పాలి. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అన్న సముద్రశాస్త్రవేత్త భార్య కేథరీన్‌తో కలిసి వాల్తేరు వచ్చారు. భూగర్భశాస్త్రంలో అప్పటికే సి. మహదేవన్ ఉన్నారు. పిల్లలు నౌకాదళం ఓడలెక్కి, నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం కొలవడం నేర్చుకున్నారు. వాళ్లు పట్టుకున్న విషయాల్లో ఒకటి ఇది: ఎండాకాలం మొదట్లో నైరుతి గాలి తీరం వెంట వీస్తూ పై నీటిని బయటికి నెడుతుంది, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు ఉబికి వస్తుంది, దానితోపాటు చేపలకు మేతయ్యే సారం పైకొస్తుంది. రామతీర్థం, మైపాడు పట్టపువాళ్లకు ఫలానా నెలలో నీళ్లు చల్లబడతాయని తరాల నుంచి తెలుసు. ఎందుకో తేల్చి రాసింది వాల్తేరు. సముద్రం అడుగున కనిపెట్టిన పెద్ద లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకోదానికి మహదేవన్ అని పేరు పెట్టారు. బంగాళాఖాతం అడుగున ఒక విశ్వవిద్యాలయం పేరు ఉందన్న సంగతి మన పిల్లలకు పాఠంగా చెప్పాలి.

అరవైల నుంచి క్యాంపస్ వేడెక్కింది. ఉక్కు కర్మాగారం కోసం 1966లో సాగిన ఉద్యమంలో విద్యార్థులే ముందు నిలిచారు. నవంబరు 1న విశాఖలో జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభకు వచ్చిన రచయితల చేతికి 'విశాఖ విద్యార్థులు' అన్న పేరుతో ఒక కరపత్రం అందింది. గిరిజన పోరాటంతో శ్రీకాకుళం కొండల్లో నెత్తురు పారుతున్న వేళ మీరు ఎవరి పక్షమని ఆ కాగితం అడిగింది. దాని తాకిడికే ఆ జూలైలో విప్లవ రచయితల సంఘం పుట్టింది. ఆ దారితో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, తెలుగు సాహిత్యాన్ని ఒక్క కరపత్రం అంతగా కుదిపిన సందర్భం మరొకటి లేదు.

1972లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం. అప్పుడు నెల్లూరు వి.ఆర్. కాలేజీ నుంచి వచ్చి వాల్తేరులో న్యాయశాస్త్రం చదువుతున్న చవటపాలెం రైతుబిడ్డ ఒకరు ఆ ఉద్యమంలో గొంతెత్తారు. 1973–74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆయనే ముప్పవరపు వెంకయ్యనాయుడు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు, 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. దేశపు మొదటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి ఇంటిపేరున్న వాల్తేరు వైస్ చాన్సలరు. నెల్లూరు మూలం ఉన్న మరో ఉపరాష్ట్రపతి అదే వాల్తేరు విద్యార్థి నాయకుడు. ఇద్దరి రాజకీయాలూ వేరు, కాలాలూ వేరు. దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొసకు నడిచిన ఆ దారి మాత్రం ఒకటే.

వెంకయ్యనాయుడు వాల్తేరు వెళ్లేనాటికి అలా వెళ్లవలసిన అగత్యం నెల్లూరు పిల్లలకు చాలావరకు తీరిపోయింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిశాక మన కాలేజీలు దాని పరిధిలోకి వెళ్లాయి. గుంటూరు పీజీ కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. 2008లో నెల్లూరుకే విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. దాని క్యాంపస్ ఉన్న కాకుటూరు సర్వేపల్లికి దగ్గరే. ఆడపిల్లల్ని అంత దూరం పంపలేక చదువు మాన్పించిన ఇళ్లకు ఈ దగ్గరితనం ఎంత మేలు చేసిందో నేను కళ్లారా చూశాను. దాన్ని తక్కువ చేయను. కాని శ్రీకాకుళం పిల్లవాడితో గది పంచుకునే అవకాశం పోయిందన్న దిగులూ నాకుంది. ప్రతి జిల్లాకూ ఒక విశ్వవిద్యాలయం వచ్చిన కాలంలో మన పిల్లలకు మన జిల్లా పిల్లలే తారసపడుతున్నారు. కొన్ని సీట్లయినా దూరపు జిల్లాల వాళ్లతో కలిసి చదివేలా ఏర్పాటు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండిన ఈ సందర్భంలో ఉత్సవాలతో పాటు ఆ ఆలోచన కూడా జరగాలి.

వచ్చే భాగంలో తిరుపతికి వెళదాం. మొదటి వైస్ చాన్సలర్ ఎస్. గోవిందరాజులు నాయుడు కొండ కింద విశ్వవిద్యాలయం ఎలా కట్టారో, అందులో నెల్లూరు కాలేజీల వాటా ఏమిటో చూద్దాం.